హ్యావ్‌తో వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

ఇంగ్లీషులోని హ్యావ్ (have)కు తెలుగులో సరిజోడు క్రియ లేదు. నాకు అన్న ఉన్నాడు, నా దగ్గర డబ్బుంది, నాకు జ్వరంగా ఉంది... అన్నీ 'ఉండు' మీదే నడుస్తాయి. చాలా తప్పులకు మూలం అదే.

సమస్య: "ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్."

కారణం: హ్యావ్ అంటే 'కలిగి ఉండు' అని నేర్చుకుంటాం. కలిగి అంటే హ్యావింగ్, ఉన్నాను అంటే యామ్ అని మాటకు మాట అతికేస్తాం.

పరిష్కారం: మనుషులు, ఆస్తి, జబ్బు, ఇలా మనకు ఉన్నవాటికి 'ఇంగ్' వద్దు: "ఐ హ్యావ్ టూ బ్రదర్స్." తినడం, తాగడం లాంటి పని జరుగుతుంటే ఇంగ్ సరైనదే: "వీ ఆర్ హ్యావింగ్ లంచ్." తేడా ఎంత దూరం పోతుందో చూడండి. "షీ హ్యాజ్ ఎ బేబీ" అంటే ఆమెకు చంటిబిడ్డ ఉంది. "షీ ఈజ్ హ్యావింగ్ ఎ బేబీ" అంటే బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది.

సమస్య: దర్జీకిచ్చి కుట్టించుకుని "ఐ స్టిచ్డ్ ఎ బ్లౌజ్" అనడం.

వినేవాళ్లు మీరే మిషన్ తొక్కారనుకుంటారు. తెలుగులో ఈ పొరపాటు ఎవరూ చేయరు: కుట్టాను వేరు, కుట్టించాను వేరు. ఆ 'ఇంచు' చేసే పనిని ఇంగ్లీషులో హ్యావ్ చేస్తుంది. ముందు హ్యాడ్, తర్వాత వస్తువు, చివర క్రియ మూడో రూపం: "ఐ హ్యాడ్ ఎ బ్లౌజ్ స్టిచ్డ్." వరుస తప్పి "ఐ హ్యాడ్ స్టిచ్డ్ ఎ బ్లౌజ్" అన్నారో, 'అప్పటికే నేనే కుట్టేశాను' అని అర్థం మారిపోతుంది. అలాగని ఇంచు కనిపించగానే తొందరపడొద్దు. ప్రేమించు, గమనించు సొంత పనులే. "ఎవరి చేత?" అని అడిగితే జవాబు రావాలి.

సమస్య: "ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే."

కారణం: మనకు రెంటికీ 'చూశాను' ఒక్కటే. నిన్న, పోయిన వారం, 2019లో అని గడిచిపోయిన కాలం చెబితే "ఐ సా హిమ్." ఎప్పుడన్నది చెప్పకుండా 'ఇదివరకే చూశాను' అంటే "ఐ హ్యావ్ ఆల్రెడీ సీన్ హిమ్."

"డిడ్ యూ హ్యాడ్" అని వస్తుంటే, డిడ్ తర్వాత ఎప్పుడూ హ్యావే.

'డోంట్ హ్యావ్ టు'ను 'కూడదు' అనుకోవడం మాత్రం ప్రమాదం. డాక్టరు "యూ డోంట్ హ్యావ్ టు టేక్ దిస్" అంటే ఆ మాత్ర వేసుకోనక్కర్లేదు, వేసుకున్నా ఫర్వాలేదు. "యూ మస్ట్ నాట్ టేక్ దిస్" అంటే ముట్టుకోవద్దని.