హాజరు పట్టీలో మనుషుల కష్టం చదవడం ఎలా?

రేణిగుంట వైపు ఒక ఫ్యాక్టరీలో హెచ్‌ఆర్ పని చూస్తున్నాను. "మనవాళ్లకు పని మీద ఆసక్తి పోయింది" అని మీటింగులో ఎవరైనా అంటే, ముందు పన్నెండు నెలల హాజరు అడుగుతాను. అది చూడకుండా బిర్యానీ పార్టీ పెట్టి చేతులు దులుపుకునేవాళ్లను చూసీచూసీ విసుగొచ్చింది.

కావాల్సినవి: పంచింగ్ మిషన్ హాజరు, ఓటీ (ఓవర్‌టైమ్) గంటలు, మానేసినవాళ్లు చేరిన తేదీ, వెళ్లిన తేదీ, ఎక్సెల్. ఇంతే. నవ్వు మొహం, ఏడుపు మొహం నొక్కించే యాప్‌లు కొనకండి, వాటిలో కారణం తేలదు. పన్నెండు నెలలకు తగ్గకూడదు. ఒక్క మే నెల చూస్తే గంగమ్మ జాతర సెలవులను కూడా అసంతృప్తి అనుకుంటారు. మొదటి ఇద్దరు పిల్లలకు చట్టం ఇచ్చే 26 వారాల ప్రసూతి సెలవును గైర్హాజరులో కలిపిన షీట్లూ చూశాను. దాన్ని పక్కన పెట్టండి.

ఎంత శాతం మానేస్తున్నారో తేలాలంటే, ఏడాదిలో మానేసినవాళ్ల సంఖ్యను సగటు సిబ్బంది సంఖ్యతో భాగించి వందతో గుణించండి. 300 మందిలో 45 మంది మానేస్తే 15 శాతం. ఓటీకి మాత్రం సగటు వద్దు. పదిమందిలో ఇద్దరే తలా 40 గంటలు చేస్తే సగటు 8 అని చూపిస్తుంది, ఆ ఇద్దరి నడుం విరగడం కనపడదు.

తర్వాత ఈ లెక్కలను విభాగం, షిఫ్టు, బస్సు రూటు వారీగా విడగొట్టండి. రూటు కాలమ్ చాలామంది వేయరు. నా లెక్కన అదే ముఖ్యం.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఒకసారి నేను పేర్ల కాలమ్ దాచి సూపర్‌వైజర్లకు ఫైలు పంపాను. దాచిన కాలమ్ బయటికి తీయడానికి రెండు క్లిక్కులు చాలు. మర్నాడు లైన్లో ఒకమ్మాయిని నిలబెట్టి "నీకే ఎందుకమ్మా ఇన్ని లీవులు?" అని అడిగారు. మూడు నెలలు నాతో ఎవరూ మనసు విప్పి మాట్లాడలేదు. పేర్లు, ఐడీ నంబర్లు దాచకండి, తీసేసి కొత్త ఫైలు చేయండి. ఐదుగురికంటే తక్కువున్న గుంపు లెక్క బయటికి రానివ్వకండి. అది కూడా చాలదు. ప్యాకింగ్ 24 మంది మొత్తం సెలవులు, అందులో 22 మంది మగవాళ్ల సెలవులు ఒకే కాగితంలో వేస్తే, మిగిలిన ఇద్దరు ఆడవాళ్లవి తీసివేతలో బయటపడతాయి. ఏదో ఒక అంకె ఆపేయాల్సిందే. సెలవుకు రాసిన జబ్బు పేరైతే షీట్లోకే రాకూడదు.

అంకె ఎక్కడ నొప్పో చెబుతుంది, ఎందుకో చెప్పదు. దానికి మనుషులను అడగాలి. హెచ్‌ఆర్ గదికి పిలిస్తే "అంతా బాగుంది సార్" తప్ప ఇంకేమీ రాదు. సూపర్‌వైజర్ లేనప్పుడు, టీ దగ్గర అడగండి. మా రెండో షిఫ్టులో పుత్తూరు రూటు ఆడవాళ్ల గైర్హాజరు ఎక్కువగా కనిపించింది. ఒక అక్క టీ గ్లాసు పక్కన పెట్టి చెప్పింది: "బస్సు రోడ్డు మీదే దించేస్తాది సార్. ఆడ్నించి రెండు కిలోమీటర్లు చీకట్లో ఎట్ల పోయేది?"

ఇన్సెంటివ్ పెంచుదామని అప్పటికే ఫైలు నడుస్తోంది. దాన్ని ఆపించి, బస్సును ఊళ్లోకి మళ్లించాం. ఏది మారిందో, ఎందుకు మారిందో నోటీసు బోర్డులో తెలుగులోనే రాయండి, ఎవరు చెప్పారో మాత్రం వద్దు. మరుసటి నెల అదే రూటు, అదే షిఫ్టు లెక్క మళ్లీ తీయండి.