పిల్లలతో గోల్కొండ కోటకు వెళ్లేటప్పుడు

గోల్కొండ కోటలో పిల్లలకు కుతుబ్‌షాహీ రాజుల వరుస ఏకరువు పెడితే వాళ్లు పది నిమిషాల్లో విసుగెత్తిపోతారు. దానికి బదులు, శత్రువును ఆపడానికి అక్కడ చేసిన ఏర్పాట్లను ఒక్కొక్కటిగా వాళ్లచేతనే కనిపెట్టించడం మేలు.

కోట బయటి ద్వారమైన ఫతే దర్వాజా తలుపులకున్న ఇనుప మొనలను దారిలోనే చూపించవచ్చు గానీ, దాని గుండా నేటికీ వాహనాలు తిరుగుతుంటాయి కనుక పిల్లల చేయి వదలకూడదు. లోపల, కొండమీదికి దారితీసే బాలాహిసార్ దర్వాజాకు ఎదురుగా ఒక అడ్డుగోడ ఉంటుంది. అది ఎందుకో ముందుగా చెప్పకుండా, తలుపు నుంచి గోడ దాకా అడుగులు లెక్కపెట్టించి, ఇంత ఇరుకులో ఏనుగు పరుగెత్తుకొచ్చి తలుపును కుమ్మగలదా అని అడిగితే జవాబు వాళ్లే చెబుతారు.

ద్వారం దాటగానే గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బారాదరి (శిఖరాన ఉన్న మండపం)లో వినిపిస్తుందని అందరికీ తెలుసు. అయితే సందర్శకులంతా ఒకేసారి కొడుతుండటంతో ఎవరి చప్పుడు ఎక్కడికి చేరిందో ఎవరికీ తెలియదు. కాబట్టి కోట తెరిచిన వెంటనే వెళ్లి, కుటుంబం రెండు జట్లుగా విడిపోవాలి. చిన్నపిల్లలు ఒక పెద్దమనిషితో కిందే ఉండి మూడు చప్పట్లు, కాస్త ఆగి రెండు, ఇలా తమకు తోచిన వరసలో కొట్టాలి. పైకి వెళ్లినవాళ్లు విన్నది కాగితంమీద రాసుకొని, ఆ తర్వాతే ఫోన్‌లో సరిచూసుకోవాలి. కావలివాళ్ల కబురు పైకి ఎలా చేరేదో అప్పుడు విడిగా వివరించనక్కర లేదు.

సుమారు 360 మెట్ల ఎక్కుడులో భక్త రామదాసు బందిఖానా దగ్గర ఆగితే అలుపూ తీరుతుంది, గోడమీది శిల్పాలనూ చూడవచ్చు. కొన్నిచోట్ల పిట్టగోడలు పొట్టివి, కొన్నిచోట్ల అసలు లేవు. ఆషాఢ బోనాల ఆది, గురువారాల్లో కొండపై జగదాంబ గుడికి జనం పోటెత్తుతారు గనుక ఈ ఆటలకు ఆ రోజులు పనికిరావు.

పైకి చేరాక, ఇన్ని ఏర్పాట్లున్న కోట 1687లో ఔరంగజేబు చేతికి ఎలా చిక్కిందో ఊహించమనండి. ఎనిమిది నెలల ముట్టడికి లొంగని కోట తలుపు లోపలివాళ్లే తెరవడంతో పడిపోయిందని విన్నప్పుడు, అప్పటిదాకా అడుగులు లెక్కపెట్టిన పిల్లలు ఊరుకోరు, ప్రశ్నలమీద ప్రశ్నలు వేస్తారు.

పదిహేనేళ్లలోపు పిల్లలకు కోట ప్రవేశం ఉచితమే గానీ, సాయంత్రం సౌండ్ అండ్ లైట్ షోకు టికెట్ వేరు. ఉదయమంతా మెట్లెక్కిన పిల్లలు అందులో నిద్రపోవడం ఖాయం కాబట్టి, దాన్ని మరో రోజుకు ఉంచుకోవడమే నయం.