బ్రాకెట్ కటింగ్‌కి పంపే ముందు అట్టముక్కతో చూసుకోండి

లేజర్ కటింగ్ అయి వచ్చిన బ్రాకెట్‌ని (భాగాలను పట్టి ఉంచే లోహపు ముక్క) మెషిన్ మీద పెడితే ఒక్కోసారి రంధ్రాలు కలవవు. కలిసినా స్పానర్ తిరగదు. డిజైన్ చేసిన కంప్యూటర్ స్క్రీన్ మీద మాత్రం అంతా బాగానే ఉంటుంది.

ఈమధ్య డ్రాయింగ్ రిలీజ్ చేసే ముందు 1:1 స్కేల్‌లో, అంటే అసలు సైజులోనే, ప్రింట్ తీస్తున్నాను. ప్రింట్ సెట్టింగ్స్‌లో ‘ఫిట్ టు పేజ్’ తీసేసి 100 శాతం పెట్టాలి. షీట్ మీద అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి 100 మి.మీ. గీతలు ఉంచి, ప్రింట్ అయ్యాక స్టీల్ స్కేలుతో కొలవాలి. ఒక్క గీత చాలదు, కొన్ని ప్రింటర్లు ఒకవైపే సాగదీస్తాయి. తర్వాత అట్టకు అంటించి, కత్తిరించి, రంధ్రాలు పొడిచి, అసలు చోట పట్టుకుని చూడండి. ఎం8 (8 మి.మీ. మందం) బోల్ట్ అయితే 13 సైజు స్పానర్ పెట్టి నిజంగానే తిప్పండి. పన్నెండు మూలల రింగ్ స్పానర్‌కైనా ఒక్కో తిప్పుకు 30 డిగ్రీలు తిరిగే చోటు కావాలి. మొన్న అలా తిప్పితే స్పానర్ పిడి పక్కనున్న కేబుల్ ట్రే అంచుకు తగిలింది. ఆ ట్రే కంప్యూటర్ మోడల్‌లో లేనే లేదు!

బేరింగ్ సీటు (బేరింగ్ కూర్చునే చోటు), డోవెల్ పిన్ (భాగాలను సరైన చోట నిలిపే పిన్) లాంటి చాలా కచ్చితంగా అమరాల్సిన ఫిట్‌లకు మాత్రం దీన్ని నమ్మొద్దు. అర మిల్లీమీటరు తేడా కూడా అట్టముక్కలో తెలియదు.