పిల్లల ఎత్తు, ఎముకల బలం: వంశాన్ని లెక్కలోకి తీసుకునే తీరు

ముందు తల్లిదండ్రులిద్దరినీ చెప్పుల్లేకుండా, మడమలు గోడకు ఆనించి, సెంటీమీటర్లలో కొలవండి. నోటిమాట అంకెలు నమ్మొద్దు, చాలామంది కాస్త కలిపే చెబుతారు. రెండూ కూడి, అబ్బాయికైతే 13 కలిపి, అమ్మాయికైతే 13 తీసేసి, సగం చేయండి. నాన్న 170, అమ్మ 156 అయితే పెద్దయ్యాక కొడుకు ఎత్తు అంచనా 169.5, కూతురిది 156.5. అటూ ఇటూ 8 సెంటీమీటర్ల తేడా మామూలే. ఎత్తు ఒక్క జన్యువు చేతిలో లేదు: 2022లో దాదాపు 54 లక్షల మంది డీఎన్‌ఏ పరిశీలిస్తే ఎత్తుతో ముడిపడిన 12,111 తేడాలు తేలాయి. వాటిలో ఒక్కో బిడ్డకు ఒక్కో కలగలుపు అందుతుంది.

చిన్నతనంలో తిండి చాలక తల్లిదండ్రులే పూర్తిగా ఎదగకపోతే ఈ లెక్క తక్కువ చూపిస్తుంది. బడి వయసు బిడ్డ ఏడాదికి 4 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే, అంచనా ఎంతున్నా సరే, పిల్లల డాక్టరుకు చూపించండి.

ఎముకల సాంద్రతా వంశపారంపర్యమే. అమ్మకో నాన్నకో తుంటి ఎముక విరిగి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్లకు, 50 దాటిన మగవాళ్లకు ఎముక సాంద్రతను ఎక్స్-రేతో కొలిచే డెక్సా స్కాన్‌లో టి-స్కోరు (ఆరోగ్యంగా ఉన్న యువత సాంద్రతతో పోలిక) -2.5 లేదా అంతకన్నా తక్కువైతే ఆస్టియోపొరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు. అంతకన్నా చిన్నవాళ్లకు అదే వయసువాళ్లతో పోల్చే జెడ్-స్కోరు చూడాలి. డెక్సా ఎముక మందాన్ని కొలవదు, పరుచుకున్న వైశాల్యాన్నే లెక్కిస్తుంది. అందుకే పొట్టివాళ్ల సాంద్రత ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.