రైతుబజారుకు బయల్దేరే ముందు వేసుకోవాల్సిన ధర లెక్క

రైతుబజారులో రేటు మన చేతిలో ఉండదు. మండీ ధర కన్నా పాతిక శాతం ఎక్కువ, బయటి కొట్ల ధర కన్నా పాతిక శాతం తక్కువ ఉండేలా బజారు చూసుకునే ఎస్టేట్ ఆఫీసరు, రైతుల కమిటీ కలిసి రోజూ పొద్దున్నే ఖరారు చేసి బోర్డు మీద రాయడం పద్ధతి. దానికి మించి అమ్మకూడదు, తగ్గించి అమ్ముకోవచ్చు. అంచేత ఇంటి దగ్గర తేల్చుకోవాల్సింది ఒకటే: ఆ రేటుకు సరుకు బజారుకెత్తాలా, మండీలో వేసేయాలా?

40 కిలోల బెండ కోశారనుకుందాం. సాగు ఖర్చు కిలోకు 10 చొప్పున 400, కోత కూలి 250, ఆటో 250, కవర్లూ టిఫినూ 100, రోజంతా కాటా ముందు కూర్చున్నందుకు మీ కూలి 500. మొత్తం 1,500. దాన్ని 40తో భాగించి ‘కిలో 37న్నర పడింది, 40కి అమ్మితే లాభమే’ అనుకుంటారు చాలామంది. నష్టం మొదలయ్యేది అక్కడే. ముదురు, వంకర కాయలు 2 కిలోలు పోతాయి. వాడుడుకీ కొసరుకీ ఇంకో 2. మిగిలిన 36లో 26 కిలోలు పూర్తి రేటుకు పోతే, చివరి 10 మధ్యాహ్నానికి సగం ధరకే పోతాయి. అంటే పూర్తి రేటు పలికేది 31 కిలోల పాటికే. 1,500ని 31తో భాగిస్తే 48 రూపాయల పైమాట.

మండీలో బెండ 28 ఉంటే బోర్డు మీద 35 దగ్గర పడుతుంది. 31 కిలోలకు 1,085 వస్తుంది. సాగు, కోత ఖర్చు ఎక్కడ అమ్మినా ఒకటే కాబట్టి పక్కన పెడదాం. ఆటో, కవర్లు, టిఫిను పోగా చేతికి 735. అదే సరుకు మండీలో వేస్తే 1,120. కమీషనూ హమాలీ తరుగూ కలిపి వంద, ఆటో 250 తీసేసినా 770 మిగులుతుంది, పైగా మీ రోజంతా కూడా మిగులుతుంది. ఒక్క పంట, అదీ తక్కువ సరుకు ఉన్నప్పుడు రైతుబజారు గిట్టదు.

గిట్టాలంటే ఆటో నింపాలి. 40 కిలోల మీద ఆటో, మీ కూలి కలిపి కిలోకు దాదాపు 19 పడితే, సొర, దోస, వంకాయ కలిపి 120 కిలోలు తీసుకెళ్తే ఆరుంపావుకు దిగుతుంది.

కొసరు దగ్గర చెయ్యి జాగ్రత్త. పావుకిలోకి ఒక్క బెండకాయ ఎక్కువ వేసినా పదిహేను గ్రాములు, అంటే వందకి ఆరు. కాటా ముల్లు సరిగ్గా చూపించి, కొసరుగా రెండు కరివేపాకు రెబ్బలు పెట్టండి. కొనేవాళ్లకు అదే ఎక్కువ ఇష్టం.

వారం సంతలో బోర్డుండదు కాబట్టి రేటు మీదే. అక్కడ చిల్లర చూసుకుని పెట్టాలి. కిలో 40 అంటే పావు 10, అరకిలో 20, బేరం చకచకా తెగుతుంది. 38 అంటే పావుకి తొమ్మిదిన్నర. ఆ అర్ధరూపాయి దగ్గర ప్రతిసారీ గొడవే. బోణీ బేరంలో మరీ దిగొద్దు, పక్కన నిలబడ్డవాళ్లు ఆ ధర విని అదే అడుగుతారు. ఆకుకూరల్లో ధర మార్చకుండా కట్ట మార్చండి. పాలకూర పిరమైనప్పుడు ‘పదికి రెండు’ అలాగే ఉంచి కట్ట సన్నం చేస్తే చాలు. కట్టలన్నీ ఒక్క సైజులో ఉండాలి, లేకపోతే పెద్దవన్నీ ముందే ఏరుకుపోతారు.

వంకర కాయల్ని మంచివాటిలో కలపొద్దు. జనం ఏరుకుంటారు, చివరికి రాశి మొత్తం నాసిగా కనబడి మంచి సరుకు రేటు కూడా పడిపోతుంది. వాటిని విడిగా కుప్పలు పోసి ‘కుప్ప ఇరవై’ అనండి, తూకం అడిగేవాళ్లుండరు.

ఎప్పుడు తగ్గించాలో సరుకే చెబుతుంది. ఆకుకూర ఎండెక్కక ముందే, పది గంటల లోపు వదిలించుకోవాలి. బెండ మర్నాటికి నారెక్కుతుంది, సాయంత్రం వచ్చినకాడికి ఇచ్చేయండి. సొర, గుమ్మడి, కంద మాత్రం తగ్గించే పనే లేదు. గోనె కప్పి ఇంటికి తెచ్చి, మర్నాటి బోర్డు చూసి అమ్ముకోవచ్చు.