రాస్తే తగ్గుతుంది, ఆపితే తిరగబెడుతుంది: తామర క్రీముతో తిప్పలు

"అన్నా, మొన్నిచ్చిన తామర ట్యూబు ఇంకోటి ఇయ్యి. మస్తు పన్జేసింది."

నల్లగొండలో మా మందుల షాపు కౌంటర్ దగ్గర ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు తగ్గేదాకా ఈ మాట వినని రోజుండదు. అంత బాగా పనిచేస్తే నెల తిరక్కుండా రెండో ట్యూబు ఎందుకని అడిగితే మాత్రం జవాబు రాదు. ఇరవై ఏండ్లుగా ఈ లొల్లి చూస్తున్న ఫార్మసిస్టును. కొన్నాళ్లు ఆ ట్యూబులు అడిగినోళ్లకు అడిగినట్టు ఇచ్చినవాణ్ణి కూడా. తామర అంటే ఏమిటో ఇక్కడ చెప్పబోవడం లేదు. గుండ్రంగా, అంచు ఎర్రగా ఉబ్బి, నడుమ తేటగా ఉండే ఆ బిళ్లను చూడనివారు మన దగ్గర తక్కువ.

లక్షణం: మూడు రోజుల్లో దురద మాయం, ఆపిన వారానికి రెట్టింపు

కారణం నూటికి తొంభై సార్లు ట్యూబులోనే ఉంటుంది. ముందు దాన్ని తిప్పి వెనక చదవండి. చదవరు! కంపెనీ పేరు చూస్తారు, ధర చూస్తారు, మూత వాసన కూడా చూస్తారు. ఏమేం మందులు కలిపారో రాసిన ఆ చిన్న అక్షరాల జోలికి మాత్రం పోరు. కళ్లద్దాలు లేకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఫంగస్‌ను చంపే మందుల పేర్లు చాలామటుకు 'జోల్'తో ముగుస్తాయి: క్లోట్రిమజోల్, మైకోనజోల్, కీటోకొనజోల్, లులికొనజోల్. టెర్బినాఫిన్ లాంటి కొన్ని పేర్లు వేరుగా ఉంటాయి. వాటితో పాటు ట్యూబులో కలిపే స్టెరాయిడ్ల (ఎరుపు, దురద అణిచే మందుల) పేర్లు ఎక్కువగా 'సోన్'తో ముగుస్తాయి: బీటామెథసోన్, బెక్లోమెథసోన్, మొమెటసోన్. అందరూ బోల్తా పడేది క్లోబెటసోల్ దగ్గర. 'క్లో'తో మొదలై 'సోల్'తో ముగుస్తుంది కాబట్టి క్లోట్రిమజోల్‌కు తోడబుట్టినట్టే వినిపిస్తుంది. ఒంటికి రాసే స్టెరాయిడ్లలో అన్నిటికన్నా గట్టి తరగతిలోది అదే.

తామరలో ఎరుపు, దురద చాలావరకు మన ఒళ్లు ఫంగస్ మీద చేసే తిరుగుబాటు. స్టెరాయిడ్ ఆ తిరుగుబాటును అణిచేస్తుంది. ఇంట్లో దొంగ ఉండగానే మొరిగే కుక్క మూతి కట్టేసి, హమ్మయ్య నిమ్మళమైంది అనుకోవడం లాంటిది. దురద పోయిందని నాలుగో రోజు ట్యూబు పక్కన పెడతారు. అదే ట్యూబులో ఫంగస్ మందు కూడా ఉంది కదా అంటారా? ఉంది. దానికి వారాలు కావాలి, మీరిచ్చింది నాలుగు రోజులు. పైగా ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా కనిపిస్తున్న ట్రైకోఫైటాన్ ఇండోటినియే అనే రకం చాలాసార్లు టెర్బినాఫిన్‌కు లొంగదు. దానికి ఆ పేరు పెట్టిందే 2020లో.

ఇంకో నష్టం, ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. స్టెరాయిడ్ పడిన తామర తన రూపం మార్చుకుంటుంది. అంచు చెరిగిపోతుంది, గుండ్రం పోతుంది, మచ్చలో మచ్చలా పాకుతుంది, కొన్నిచోట్ల మొటిమల్లా లేస్తుంది. వైద్యులు దీన్ని టీనియా ఇన్‌కాగ్నిటో అంటారు, మారువేషం వేసిన తామర అన్నమాట. పెద్ద డాక్టరు కూడా చూడగానే పోల్చుకోలేక, పొలుసు గీకి మైక్రోస్కోప్ కింద పెట్టాల్సి వస్తుంది.

మా బామ్మర్ది మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని. చెమట, ఊక దుమ్ము, పొద్దంతా జీన్స్ ప్యాంటు. గజ్జల్లో తామర వచ్చిందంటే క్లోబెటసోల్ కలిపిన ట్యూబు ఇచ్చింది నేనే. తగ్గిందన్నాడు, సంతోషించాను. పండక్కి వచ్చినప్పుడల్లా రెండు మూడు ట్యూబులు జేబులో వేసుకుని పోయేవాడు. ఏడాదికి దగ్గరైనప్పుడు సిగ్గుపడుతూ చూపించాడు. రెండు తొడల లోపలి వైపు వేలెడు వెడల్పున ఊదారంగు చారలు, పగుళ్లు బారిన చెరువు మట్టిలా. తోలు ఉల్లిపొరంత పలచన. తామర గజ్జల నుంచి పిరుదుల మీదికి పాకింది. చర్మ డాక్టరు మందులతో తామర మూడు నెలల్లో పోయింది. రంగు తగ్గింది గాని, ఆ చారలు ఇవాళ్టికీ ఉన్నాయి. చారలు పడ్డాక పూర్తిగా పోవు. ఆ రోజు నుంచి ఇలాంటి ట్యూబు ఎవరడిగినా నా మొదటి మాట "చీటీ ఏదీ?"

అలా అడగడం నా పెద్దరికం కాదు, చట్టం. 2018లో కేంద్రం ఒంటికి రాసే స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో 328 మిశ్రమ మందులను (ఒకదాంట్లోనే రెండు మూడు కలిపినవి) నిషేధించింది, ఇలాంటి కొన్ని క్రీములూ అందులో ఉన్నాయి. అయినా ట్యూబులు ఎలా దొరుకుతున్నాయంటే, అడిగేవాళ్లున్నారు, ఇచ్చేవాళ్లున్నారు.

నెలల తరబడి రాసేశాను, ఇప్పుడేం చేయాలి?

వాడిన ట్యూబులన్నీ, ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని చర్మ డాక్టరు దగ్గరికి పోండి. "ఏదో తెల్ల క్రీము" అంటే ఆయనకు ఏమీ తెలియదు. ఊర్లో ఆర్ఎంపీ దగ్గర దురదకు సూదులు వేయించుకుని ఉంటే అదీ చెప్పండి, అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు.

స్టెరాయిడ్ ఆపిన మొదటి వారం పది రోజుల్లో ఎరుపు, మంట, దురద ఎగదన్నుతాయి. కొత్త మందు పడలేదని అనుకుని అందరూ మళ్లీ పాత ట్యూబు పట్టేది సరిగ్గా అప్పుడే. ఆ పది రోజులు ఓర్చుకోవాలి. దురదకు మాత్ర ఏదైనా డాక్టరే రాస్తారు. ఒళ్లంతా నెలలపాటు రాసినవాళ్లు, పిల్లలకు రాసినవాళ్లు మాత్రం సొంతంగా ఒక్కసారే ఆపకండి. ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గిపోయి నీరసం, కళ్లు తిరగడం రావచ్చు. అలాంటివాళ్లకు ఎలా తగ్గించుకుంటూ రావాలో డాక్టరు చెప్తారు.

పక్కింటాయనకు రాసిచ్చిన ఇట్రాకొనజోల్ గోలీలు మీరూ కొనుక్కుని మింగకండి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు అది ప్రమాదం, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో అసలు పడదు.

చీటీ ఉంది, స్టెరాయిడ్ కలిపిన క్రీము డాక్టరే రాశారు

చాలామంది చర్మ డాక్టర్లు తామరకు స్టెరాయిడ్ కలిపినది రాయనే రాయరు. వాపు, దురద మరీ ఎక్కువైనప్పుడు కొందరు కొద్ది రోజులకు రాస్తారు. చీటీ మీద ఎన్ని రోజులని ఉందో చూడండి, లేకపోతే అడిగి రాయించుకోండి. గజ్జలకైనా ఒంటికైనా రెండు వారాలు దాటకూడదు. పలచగా రాయాలి, పైన గుడ్డగానీ ప్లాస్టిక్‌గానీ కట్టకూడదు. ముఖానికి, కంటి చుట్టూ, పసివాళ్ల డైపర్ కింద వద్దు. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ముందే చెప్పండి. రెండు వారాల తర్వాత ఏ మందుతో కొనసాగించాలో ఆ రోజే కనుక్కోండి. మిగిలిన సగం ట్యూబు బీరువాలో దాచుకోవద్దు, మీ ఇంట్లో ఇంకొకరు తీసి రాసుకుంటారు.

లక్షణం: స్టెరాయిడ్ లేని మందే రాస్తున్నా తగ్గట్లేదు

మొదట ఎంత రాస్తున్నారో చూడండి. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే దాదాపు అర గ్రాము, అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. గజ్జలు, పిరుదులు కలిపి ఎనిమిది అరచేతులంత ఉంటే ఒక్కసారికి రెండు గ్రాములు. రోజుకు రెండుసార్లంటే 15 గ్రాముల ట్యూబు నాలుగు రోజులు కూడా రాదు. మీకు నెల వచ్చిందంటే రాసింది బొట్టు పెట్టినంతే. మచ్చ అంచు దాటి రెండు సెంటీమీటర్ల మేర రాయాలి. కనబడకుండా పోయాక కూడా రెండు వారాలు రాయాలి.

తర్వాత మొలతాడు. చెమటా నీళ్లూ పీల్చుకుని ఎప్పుడూ తడిగా ఉండే ఆ దారంలో ఫంగస్ కాపురం పెడుతుంది. నడుం చుట్టూ వడ్డాణంలా తామర ఉంటే నేను మందుకన్నా ముందు దాని గురించే అడుగుతాను. "మగోడు మొలతాడు తీస్తడా సారూ" అన్న పెద్దాయన ఒకరు. తీయమనడం శాశ్వతంగా కాదు, తగ్గేదాకా. తర్వాత కొత్తది కట్టుకోవచ్చు, పాతది మాత్రం కాదు.

ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే అందరూ ఒకేసారి మందు వాడాలి. పాలమూరు నుంచి పనులకు పోయి ఒకే గదిలో ఆరేడుగురు ఉండేవాళ్లలో ఇది వంతులవారీగా తిరుగుతుంది, ఒకే తువ్వాల కారణం. లోపలి బట్టలు వేడినీళ్లలో ఉతికి, తిరగేసి ఎండలో వేయండి.

మిగతావి

రాత్రిళ్లు దురద ఎక్కువ, వేళ్ల సందుల్లో పొక్కులు, ఇంటిల్లిపాదికీ ఉంటే అది గజ్జి, దాని మందు వేరు. గోరుకో, తలలోనో పట్టిన ఫంగస్ క్రీముతో సాధారణంగా పోదు, మాత్రలు కావాలి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్లేసేవాళ్ల కాలివేళ్ల సందులు నానితే ముందు ఆరబెట్టుకోండి. మాటిమాటికీ తిరగబెడుతుంటే ఒకసారి షుగర్ పరీక్ష చేయించుకోండి. మచ్చ మీద గిచ్చినా తెలియకపోతే ఏ ట్యూబూ కొనకండి, నేరుగా ప్రభుత్వ దవాఖానకు పోండి. అది కుష్టు అయితే మందులు అక్కడ ఉచితం.