ఇంగ్లండ్‌కి కొత్తగా వచ్చిన మన నెల్లూరు, ఒంగోలు పిల్లలకు: ఇంగ్లిష్ మాటలు పెంచుకునే దారి

మన నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి చదువుకి ఇంగ్లండ్ వస్తున్న తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ ముందుగా చెప్పేదొకటే. మీ దగ్గర ఇంగ్లిష్ మాటలు తక్కువేం లేవు. చదివితే అర్థమయ్యేవి బోలెడున్నాయి, అవసరానికి నోటికి రానివే ఎక్కువ. మొదటి ఆరు నెలలూ పదాల పుస్తకం పక్కన పెట్టి, తెలిసిన మాటలు నోటికి తెచ్చుకునే పని మీద ఉండండి.

దానికి పార్ట్‌టైమ్ ఉద్యోగం మంచి బడి. షాపులో టిల్ (డబ్బు కట్టించుకునే కౌంటరు) దగ్గర నిలబడితే 'పాప్' అనే మాట తరచూ వినపడుతుంది. 'పాప్ ఇట్ ఇన్ ద బ్యాగ్' అంటే సంచిలో వెయ్యమని. 'ఐ విల్ పాప్ బ్యాక్' అంటే మళ్లీ వస్తానని. డాక్టరు 'పాప్ యువర్ కోట్ ఆఫ్' అంటే కోటు తియ్యమని. బెలూన్ పగలడం ఒక్కటే నేర్చుకున్న మనకు ఇవేవీ పరీక్షల్లో తగల్లేదు. 'ఆరైట్?' అని పలకరిస్తే ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు కాదు, మీరూ 'ఆరైట్' అంటే సరి.

అందుకే ఏ మాటనైనా అది వచ్చిన వాక్యంతో సహా రాసుకోండి. తెలుగులో 'తప్పు చేశాను' అంటాం గదా అని 'డిడ్ ఎ మిస్టేక్' అనేస్తాం, వాళ్లనేది 'మేడ్ ఎ మిస్టేక్'. రాత్రి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకోండి, రెండ్రోజులాగి మళ్లీ, వారం తర్వాత మళ్లీ. చూసి పదిసార్లు చదివినా అంతగా నిలవదు.

యూనివర్సిటీ చదువుకైతే 2000లో ఎవరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్, అంటే చదువు పుస్తకాల్లో తరచూ వచ్చే మాటల జాబితా, ముందు పెట్టుకోండి. ఉన్నవి 570 పద కుటుంబాలే (ఒక మాటా, దాన్నుంచి పుట్టిన మాటలూ కలిపి ఒక కుటుంబం) గానీ, మీరు చదవబోయే గ్రంథాల్లో సుమారు పదో వంతు మాటలు వాటిలోవే.

తెలుగు మీడియంలో చదివామని కుంగిపోయేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. చీమకుర్తి క్వారీల పక్కన పెరిగినవాళ్లకి రాయి సంగతి, రొయ్యల గుంటల మీద పెరిగినవాళ్లకి మేత, వైరస్, ఎగుమతి రేటు సంగతి ముందే తెలుసు. విషయం బుర్రలో ఉంది, దానికి ఇంగ్లిష్ పేరు తగిలించడమే మిగిలింది. కొత్త మాట పక్కన తెలుగు అర్థం రాసుకోవడానికి నామోషీ పడొద్దు, మొదట్లో అదే దగ్గర దారి.

అందరూ మనవాళ్లే ఉన్న ఇంట్లో దిగారా, హాయిగా తెలుగే మాట్లాడుకోండి. క్లాసులో మాత్రం వేరే దేశం వాళ్ల పక్కన కూర్చోండి. ఎవరైనా అన్నది అర్థం కాకపోతే తలూపి వచ్చేయకండి. 'సారీ, వాట్ డజ్ దట్ మీన్?' అని అక్కడే అడగండి, వాళ్లు చెప్పింది మీ నోటితో ఒకసారి అనండి, బస్సెక్కాక ఫోన్‌లో రాసుకోండి.